బడి గ్రంథాలయంలో పుస్తకం వెతకడం పాటతో నేర్పవచ్చా?

మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు గ్రంథాలయ పీరియడ్‌లో పుస్తకం వెతకడం, చదివాక దాన్ని సరైన చోట పెట్టడం పాటలతో నేర్పితే నిజంగా అబ్బుతుందా, లేక చివరికి పాట ఒక్కటే గుర్తుంటుందా అని మీరు అడిగారు. నేను ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తూ, గ్రంథాలయ బాధ్యత కూడా చూస్తున్నాను. నేను గమనించినంతవరకు, వరుస ఉన్న విషయాలకు పాట చక్కగా ఉపయోగపడుతుంది. ఈ పుస్తకం నా స్థాయికి తగినదా, నాకు కావలసిన సంగతి ఇందులో ఉందా వంటి నిర్ణయాలకు మాత్రం పాట సాయపడదు. వాటిని పక్కన కూర్చుని, పుస్తకం తెరిచి చూపవలసిందే.

వరుసల్లో మొదటిది అక్షరక్రమం. ఇందులో మన పిల్లలకు ఒక గొప్ప సౌకర్యం ముందే ఉంది. ‘కకు దీర్ఘమిస్తే కా, కకు గుడి ఇస్తే కి’ అని వారు ఒకటో తరగతి నుంచి వల్లించే గుణింతమే కథల పుస్తకాలను పేర్ల వరుసలో అమర్చే నియమం కూడా. కాకి, కిటికీ, కుందేలు, కొంగ, కోతి అనే పేర్లతో మొదలయ్యే ఐదు పుస్తకాలను కలగాపులగంగా బల్లమీద పెట్టి, గుణింతం పాడుతూ ఒక్కొక్కటి అరలోకి చేర్చమంటే, తాము ఎప్పుడో నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికి వస్తున్నదని వారికి తెలిసిన క్షణం ముఖాలు వెలిగిపోతాయి. సున్న ఉన్న పేర్ల విషయం మాత్రం ముందే తేల్చుకోండి. పిల్లలు వల్లించే వరుసలో ‘అం’ చివర వస్తుంది, చాలా నిఘంటువులలో ‘అంక’ వంటి మాటలు ‘అక’ కంటే ముందు వస్తాయి. మీ గ్రంథాలయం ఏ పద్ధతి పాటిస్తుందో నిర్ణయించుకుని, దానికి తగినట్టే పాడించాలి.

అయితే వల్లించడంలో ఒక పెద్ద చిక్కు ఉంది. ‘మ’తో మొదలయ్యే పుస్తకం తెమ్మంటే పిల్లవాడు బీరువా ముందు నిలబడి ‘అ ఆ ఇ ఈ’ నుంచి మొదలుపెట్టి, ‘మ’ వచ్చేదాకా పాడుతూనే ఉంటాడు. మీ అనుమానానికి అసలు కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను. దీనికి విరుగుడు కూడా మన వర్ణమాలలోనే ఉంది. అచ్చులు పూర్తయ్యాక హల్లులు ఐదేసి చొప్పున వర్గాలుగా నడుస్తాయి కాబట్టి, ముందుగా ‘క చ ట త ప’ అనే ఐదు తలలను మాత్రమే చప్పట్లతో పాడించి, తరువాత ఏదో ఒక తల చెప్పి దాని వెనుక వచ్చే నాలుగింటిని అందుకోమనాలి. నేను ‘ప’ అంటే వారు ‘ఫ బ భ మ’ అంటారు. ‘త’ అంటే ‘థ ద ధ న’ అంటారు. బుర్రకథలో కథకుడు మాట విడిచిన చోట వంతలు అందుకున్నట్టుగా ఈ అందుకోవడం ఎక్కడి నుంచైనా మొదలు కావాలి. ఇలా అలవాటైన పిల్లలు ‘మ’ అనగానే ప-వర్గం చివర అని నేరుగా ఆ అర దగ్గరకు నడుస్తారు. ‘య’ నుంచి వచ్చే అక్షరాలకు వర్గాలు లేవు కనుక ఆ భాగాన్ని వరుసగానే వల్లించక తప్పదు.

రచయితల పేర్ల వరుసకు ప్రత్యేకంగా పాట అవసరం లేదు. మనం ఇంటిపేరు ముందు చెప్పుకునేవాళ్ళం కాబట్టి, హాజరు పట్టీలోని పేర్లతోనే తరగతిని ఇంటిపేర్ల వరుసలో నిలబెడితే చాలు.

ఇక అంకెలు. మీ గ్రంథాలయంలో 1876 నాటి డ్యూయీ దశాంశ పద్ధతి, అంటే పుస్తకాలను విషయాన్ని బట్టి పది విభాగాలుగా చేసి అంకెలతో అమర్చే పద్ధతి, వాడుతున్నట్లయితే, ఆ పది విభాగాలనూ ఒకేసారి పాటలో కుక్కవద్దు. మీ అరల్లో నిజంగా పుస్తకాలున్న విభాగాలతో మొదలుపెట్టండి. మేము కోలాటం నడకకు కట్టుకున్న చరణాలు ఇవి:

ఐదొందల అరలోన ఆకాశం, అణువు, పిట్ట
ఆరొందల అరలోన వైద్యం, సేద్యం, వంట
ఎనిమిదొందల అరలోన కవితలు, నాటకాలు
తొమ్మిదొందల అరలోన రాజులు, దేశాలు

ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా అడిగే జానపద కథలు ఈ పద్ధతిలో 800లో ఉండవు, 398.2లో ఉంటాయి. అందుకని ‘మూడు తొమ్మిది ఎనిమిదిలో ముసలమ్మ చెప్పిన కథలు’ అనే చరణాన్ని విడిగా చేర్చాము. ఇప్పుడు పిల్లలు మిగతావి మరచినా దీన్ని మరచిపోరు.

ఆ చరణంలోలాగా అంకెలను విడివిడిగా పలికించడానికి ఒక కారణం ఉంది. 598.15, 598.2 అనే చీటీలున్న రెండు పుస్తకాలు ఇస్తే, పదిహేను రెండు కంటే పెద్దది కదా అని పిల్లలు 598.2ను ముందు పెడతారు. ‘ఐదు, తొమ్మిది, ఎనిమిది’ అని పాడి, చుక్క దగ్గర చప్పట్లు కొట్టి, ఆ తరువాత ‘ఒకటి, ఐదు’ అని ఒక్కొక్క అంకెనూ వేరుగా పలికితే, చుక్క తరువాతి మొదటి అంకె దగ్గరే ఏది ముందో తేలిపోతుంది. దశాంశాలు ఇంకా గణితంలో రాని తరగతులకు కూడా ఈ విధంగా వరుస అందుతుంది.

పుస్తకం తీసిన చోట గుర్తు అట్ట నిలపడం, రిజిస్టరులో పేరు, తేదీ రాయించుకోవడం వంటి క్రమాలకు రెండు చరణాలు సరిపోతాయి. వాటిని తలుపు బయట, చెట్టు కింద పాడించి, తరువాత లోపలికి తీసుకువెళ్ళండి. లోపల చదువుకునే వాళ్ళుంటారు కాబట్టి, అక్కడ పెదవుల మధ్యనే పాడుకోవడం కూడా పిల్లలు నేర్చుకోవలసిన మర్యాదే.

నేర్చుకున్నారో లేదో తెలియాలంటే పాట అడగవద్దు. ఒక చీటీ మీద పుస్తకం పేరో, అంకెలో రాసి చేతికిచ్చి, పిల్లవాడు ఏ అర వైపు ముందు చూస్తున్నాడో గమనించండి. చరణం మొదటి నుంచి గొణుక్కుంటూ ఉంటే మధ్య నుంచి అందుకునే సాధన ఇంకా కావాలి. ఆరో తరగతి దాటినవారు ఈ పాటలు పాడడానికి సిగ్గుపడతారు. వారిని బలవంతపెట్టకుండా, కొత్తగా వచ్చిన పుస్తకాల విభాగానికి చిన్నవాళ్ళ కోసం ఒక చరణం కట్టమనండి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు అందుకు తగిన సమయం.