డాక్టర్ సలహా: కార్చిచ్చు మీద చల్లే ఎర్రమందుతో పిల్లాడికి ప్రమాదమా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. దగ్గర్లో కార్చిచ్చు రేగితే విమానాల నుంచి ఎర్రమందు చల్లారట, పెరడంతా పడింది. అందులో ఉండేది మన డీఏపీ ఎరువేనని అల్లుడు అంటున్నాడు. ఆరేళ్ల మనవడికి ఆస్తమా. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ అల్లుడు గారు చెప్పింది చాలావరకు నిజమేనమ్మా. అక్కడ ఎక్కువగా వాడే మందులో ముఖ్యమైనవి అమోనియం ఫాస్ఫేట్లు. డీఏపీ ఆ కోవలోదే. మంట వేడికి అమోనియా విడిపోయి ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. అది గడ్డిలో, ఆకుల్లో ఉండే సెల్యులోజ్ నుంచి నీటిని లాగేసి బొగ్గు చేసేస్తుంది. మంట లేవాలంటే గడ్డి నుంచి మండే ఆవిర్లు రావాలి కదా, అవి రావడం తగ్గిపోతుంది. అందుకే తడి ఆరిపోయినా మందు పనిచేస్తూనే ఉంటుంది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, అంటే తుప్పే. ఎక్కడ చల్లారో పైలట్‌కి కనబడాలని కలుపుతారు. చిక్కదనం కోసం కొన్ని రకాల్లో గోరుచిక్కుడు గింజల జిగురు కూడా వేస్తారు!

ఎరువే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటికి తగిలితే దురద, మంట రావచ్చు, సబ్బుతో కడిగేయాలి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. మింగితే వాంతులు, విరేచనాలు అవుతాయి. పెరడు శుభ్రమయ్యేదాకా పిల్లాణ్ని అటు వదలొద్దు. ఎండిన పొడిని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, గ్లోవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడవమనండి. మందు పడిన ఆకుకూరలు పారేయడమే మేలు. కడిగిన నీళ్లు మాత్రం కాలువలోకి పోకూడదు. అమోనియా పెరిగితే చెరువులో రొయ్య గతేమిటో కోనసీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆస్తమా పిల్లాడికి ఈ మందు కంటే పొగ, బూడిదే ఎక్కువ ప్రమాదం. పొగలోని సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. ఇళ్లు, కార్లు కాలిన బూడిదలో సీసం లాంటి లోహాలూ ఉంటాయి. కిటికీలు మూసి, ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకోమనండి. బయటికి వెళ్లక తప్పకపోతే పిల్లాడి ముఖానికి సరిపోయే ఎన్95 మాస్క్ ఉండాలి. రోజూ వాడే ఇన్‌హేలర్‌ను, బాగానే ఉన్నాడు కదా అని ఆపొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా మీకు ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా వెంటనే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేయమని చెప్పండి.