రూమ్మేట్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఎవరికీ చెప్పొద్దంటున్నాడు

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. డీఅడిక్షన్ సెంటర్ నుంచి హాఫ్‌వే హౌస్‌కి (ట్రీట్‌మెంట్ అయ్యాక ఇంటికెళ్ళేలోపు, మానేసినవాళ్ళు కలిసి ఉండే ఇల్లు) వచ్చి ఇది నాలుగో నెల, అంతా గాడిన పడుతోంది అనుకుంటుంటే పక్క మంచం అతని షూలో నొప్పి మాత్రల స్ట్రిప్ కనబడింది, అవి ఇదివరకు మీరిద్దరూ అలవాటుపడిన రకం ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మాత్రలే, అడిగితే కాళ్ళావేళ్ళా పడ్డాడు, చెబితే గెంటేస్తారు నాకు వేరే దిక్కు లేదన్నాడు. రెండు రాత్రుల నుంచి మీకు కంటిమీద కునుకు లేదు. చెప్పాలా, నోరు మూసుకోవాలా, లేక బ్యాగ్ సర్దుకుని ఇంటికెళ్ళిపోవాలా అని అడిగారు.

చెప్పాలండి, అది కూడా ఈరోజే.

ఎందుకింత తొందరపెడుతున్నానంటే, కొన్ని వారాలు మానేసిన శరీరానికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. ఒకప్పుడు మామూలుగా వేసుకున్నన్ని మాత్రలే ఇప్పుడు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు, పైగా దొరికిపోతానన్న భయంతో బాత్రూమ్ గడియ పెట్టుకుని ఒక్కడే వేసుకుంటాడు, ఏమైనా అయితే చూసేవాళ్ళుండరు. ఇక్కడ మీరు కాపాడుతున్నది అతని రహస్యాన్నే, అతన్ని కాదు. కఠినంగా ఉందని తెలుసు, కానీ అతనికేమైనా అయ్యాక మీరు మోయాల్సిన బరువు గురించి ఆలోచించే ఇలా రాస్తున్నా.

అలాగని వెనకాల వెళ్ళి చెప్పక్కర్లేదు. ముందు అతనితోనే కూర్చోండి, అతను మత్తులో లేనప్పుడు. "నువ్వు చచ్చిపోతావని భయంగా ఉందిరా, సాయంత్రం లోపు మేనేజర్‌కి నువ్వే చెప్పు, నేను పక్కనే ఉంటా, నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అని తెగేసి చెప్పండి. తిడతాడు, ఏడుస్తాడు, నువ్వేం పతివ్రతవా అంటాడు. వాదనకి దిగకండి, అదే మాట ఇంకోసారి చెప్పి లేచి వచ్చేయండి. రేపు చెప్తా, వారం ఆగు అంటే ఒప్పుకోవద్దు, ఆ రేపులన్నీ మనం కూడా ఇంట్లోవాళ్ళకి చెప్పినవే కదా. ఈలోపు మాట ముద్దగా వస్తున్నా, కూర్చున్నచోటే తూలుతున్నా సాయంత్రం దాకా కూడా ఆగొద్దు, వెంటనే చెప్పేయండి.

గెంటేస్తారేమో అన్న భయం నిజమే, చాలా హౌసుల్లో వాడితే బయటికి పంపడం రూలే, అది మిగతావాళ్ళ కోసం పెట్టుకున్నది. కానీ పంపడం అంటే రోడ్డు మీద వదిలేయడం కాకూడదు. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు మీరే అడగండి, ఈ రాత్రి ఎక్కడుంటాడు, డీటాక్స్‌లో (ఒంట్లోంచి మత్తు దిగేదాకా డాక్టర్లు చూసుకునే చోట) బెడ్ దొరుకుతుందా, ఆ మాత్రల మీద యావని తగ్గించే బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందు గురించి డాక్టర్‌తో మాట్లాడిస్తారా, కుదుటపడ్డాక మళ్ళీ తీసుకుంటారా అని. అతనికి మీరు చేయగలిగిన అసలు సాయం ఇదే. ఓపియాయిడ్ డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే విరుగుడుగా ఇచ్చే నలాక్సోన్ హౌస్‌లో ఉందా, ఎక్కడ పెట్టారో కూడా కనుక్కోండి. లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదించినా గురకలా వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, నిద్రపోతున్నాడులే అనుకోవద్దు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి నలాక్సోన్ ఇవ్వండి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాళ్ళొచ్చేదాకా వదిలి వెళ్ళకండి.

ఇప్పుడు మీ సంగతి. ఆ స్ట్రిప్ చూడగానే చేతులు చల్లబడి నోట్లో నీళ్ళూరాయి అని చివర్లో ఒక్క లైనులో రాసి వదిలేశారు, నాకైతే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన మాట అదే. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ కోరిక కాసేపు బాగా పైకి లేచి తర్వాత దిగుతుంది, దిగేదాకా ఆ గదిలో ఉండకూడదంతే. మీ స్పాన్సర్‌కి (ఇదివరకే మానేసి, ఇప్పుడు మీకు తోడుగా నిలబడే మనిషికి) ఇవాళే ఫోన్ చేయండి, అతని గురించి కాదు మీ గురించి చెప్పండి.

ఇంటికెళ్ళిపోవడం మాత్రం ఇప్పుడొద్దు. 2006లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది, ట్రీట్‌మెంట్ అయిన 150 మందిలో కొందరిని ఆక్స్‌ఫర్డ్ హౌస్ అనే, అక్కడుండేవాళ్ళే నడుపుకునే ఇళ్ళకి పంపారు, మిగతావాళ్ళని మామూలు పద్ధతిలో వదిలారు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఇళ్ళకి వెళ్ళినవాళ్ళలో దాదాపు 31 శాతం, మిగతావాళ్ళలో దాదాపు 65 శాతం మళ్ళీ వాడుతున్నారు. వేళకి రావాలనడం, ఎప్పుడంటే అప్పుడు యూరిన్ టెస్టులు, వంతులవారీ పనులు, వారం వారం మీటింగులు విసుగ్గానే ఉంటాయి, కానీ ఇంట్లో మిమ్మల్ని ప్రేమించేవాళ్ళు ఉంటారే గానీ ఇవన్నీ పట్టుబట్టి చేయించేవాళ్ళు ఉండరు. ఒకడు జారాడని హౌస్ పాడైపోయినట్టు కాదు, ఒకవేళ మీరు చెప్పాక కూడా మేనేజర్ పట్టించుకోకపోతే అప్పుడు మీ కౌన్సెలర్‌తో మాట్లాడి వేరే హౌస్ చూసుకోండి, నేరుగా ఇంటికి కాదు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళినప్పుడే ఈ రాత్రికి నాకు వేరే గది ఇవ్వండి అని కూడా అడగండి. హాల్లో పరుపు వేసుకోమన్నా సరే, వేసుకోండి.