కింది ఆకా, పై ఆకా? ముందు అది చూడండి

ప్రశ్న: అక్కా, మాకు చిన్న మిద్దె తోట ఉంది. గులాబి ఆకులు పసుపుబారుతున్నాయి. టమాట కాయలు అడుగున నల్లబడి కుళ్లుతున్నాయి. వారానికోసారి ప్రతి కుండీలో రెండు చెంచాల ఎప్సమ్ సాల్ట్ వేస్తే రెండూ తగ్గుతాయని పక్కింటామె చెప్పింది. కిలో ప్యాకెట్ తెచ్చాను. వేయమంటారా? మావి బోరు నీళ్లు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ప్యాకెట్ ఇప్పుడే విప్పకండి చెల్లెమ్మా. ముందు మిద్దె ఎక్కి గులాబిని దగ్గర్నుంచి చూడండి. పసుపుబారింది కింది ముదురాకులా, పైన లేతాకులా?

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. పెద్దవాళ్లు సుఖ విరేచనం కావడానికి వాడిన భేది ఉప్పు అదే. ఆకుకు రంగునిచ్చే పత్రహరితం తయారవ్వాలంటే మెగ్నీషియం కావాలి. అది తక్కువైనప్పుడు మొక్క ముదురాకుల్లోంచి లాగి లేతాకులకు ఇస్తుంది. అందుకే కింది ఆకులు ముందు పాడవుతాయి. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య పసుపు పడుతుంది. అలా ఉంటేనే ఈ ఉప్పుతో పని. ఈనెలతో సహా కింది ఆకు మొత్తం పసుపైతే నత్రజని చాలక కావచ్చు, బాగా మాగిన పశువుల ఎరువు వేయండి.

లేతాకుల్లో ఈనెలు తప్ప మిగతాదంతా పసుపైతే అది ఇనుము లోపం. మన నల్గొండ వైపు బోరు నీళ్లు పోసే మిద్దెల మీద నేను ఎక్కువగా చూసింది ఇదే. నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పట్టే సున్నం కుండీ మట్టిలోనూ చేరుతుంది. అప్పుడు మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. సబ్బు నురగ రాని నీళ్లలో మెగ్నీషియం కూడా ఉంటుంది, దాని మీద ఇంకా ఎందుకు? లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వాన నీళ్లు పట్టుకోగలిగితే గులాబికి అవే పోయండి. రెండు పేర్లలోనూ ‘భేది’ ఉంది కాబట్టి దుకాణంలో చూసి తీసుకోండి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉంటుంది, ఎప్సమ్ సాల్ట్ తెల్లటి పలుకులు.

ఈ ఉప్పు పనిచేయదని నేననను. మా అత్తగారింట్లో కట్టెల పొయ్యి ఉన్నప్పుడు బూడిదంతా తెచ్చి వంకాయ కుండీల్లో పోసేదాన్ని. బూడిదలో పొటాష్ ఎక్కువ. అది మితిమీరితే మొక్క మెగ్నీషియం తీసుకోలేదు. కింది ఆకులు అచ్చం పైన చెప్పినట్టే అయ్యాయి. బూడిద ఆపేశాను. లీటరు నీటికి ఒక చెంచా ఎప్సమ్ సాల్ట్, అంటే దాదాపు 5 గ్రాములు, కలిపి పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను. తర్వాత వచ్చిన ఆకులు బాగున్నాయి. మీరూ ఒక్క మొక్కకే కొట్టి, పక్కదాన్ని వదిలేసి తేడా చూడండి. వారం వారం రెండేసి చెంచాలు మాత్రం వద్దే వద్దు. కుండీలో ఉప్పు పేరుకుని ఆకు కొసలు మాడతాయి.

టమాటకైతే ఇది అస్సలు వేయకండి. కాయ అడుగు నల్లబడేది కాల్షియం అందక. మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియం ఇంకా అందదు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, మీ బోరు నీళ్లలోనూ ఉంటుంది. నీళ్లు ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తడం వల్ల అది కాయ దాకా వెళ్లదు. ఎండాకాలం చిన్న కుండీ మధ్యాహ్నానికే ఆరిపోతుంది. టమాటను పెద్ద కుండీలోకి మార్చండి. మట్టి మీద వరిగడ్డి పరచండి. పొద్దున, సాయంత్రం తప్పకుండా కొద్దికొద్దిగా పోయండి. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందవు.

నల్లబడ్డ కాయలు మళ్లీ బాగుపడవు, తెంపేయండి. కుళ్లిన అడుగు కోసేస్తే మిగతాది పప్పులోకి వాడుకోవచ్చు.