ఆన్‌లైన్ పులిజూదం చేయాలనుంది, చేతిలో రూపాయి లేదు

ప్రశ్న: అన్నా, మా ఊరి గుడి అరుగు మీద ఆడే పులిజూదాన్ని ఫోన్లో ఎవరితోనైనా ఆడుకునే గేమ్‌లా చేయాలనుంది. కోడింగ్ రాదు, డబ్బుల్లేవు. ఐడియా చెప్తే ఏదైనా కంపెనీ కొంటుందా?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ఉత్త ఐడియా ఎవరూ కొనరు తమ్ముడూ, వాళ్ల దగ్గరే కుప్పలున్నాయి. కానీ ఆట మాత్రం భలే ఎంచుకున్నావ్, 3 పులులు, 15 మేకలు, ఒకరి తర్వాత ఒకరు కదపడమే కాబట్టి సర్వర్ మీద పెద్ద లోడ్ పడదు, అదే షూటింగ్ గేమ్ అయితే సెకనుకి బోలెడుసార్లు డేటా అటూ ఇటూ పోవాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ పూర్తిగా ఫ్రీ, అది దించుకో. ఆన్‌లైన్ సంగతి పక్కనపెట్టి ముందు ఒకే ఫోన్లో ఇద్దరు ఆడేలా చెయ్. మేక మీంచి పులి దూకాలంటే అవతలి చుక్క ఖాళీగా ఉండాలి కదా, ఆ ఒక్క రూల్ రాసేసరికే చాలా కోడింగ్ వంటబడుతుంది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం పనుల గేమ్‌ని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు, 2016లో రిలీజైనప్పుడు అందులో వేరేవాళ్లతో కలిసి ఆడే మల్టీప్లేయరే లేదు, 2018లో వచ్చింది. గేమ్‌ని ప్లే స్టోర్‌లో పెట్టడానికి 25 డాలర్లు కట్టాలి, అదీ ఒక్కసారే. పందెం డబ్బులు పెడితే జనం ఎగబడతారని ఎవడైనా సలహా ఇస్తే మాత్రం వినకు, 2025లో వచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు దేశమంతా నిషేధం.