రెండడుగుల ట్యాంకుకి కెనిస్టర్ అవసరమా, స్పాంజ్ ఫిల్టర్ చాలా?

రెండడుగుల ట్యాంకు కొన్నానని, నాలుగు గోల్డ్‌ఫిష్ వేద్దామనుకుంటున్నానని, షాపువాళ్లు కెనిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా లాంటిది) తీసుకోమంటున్నారని రాశారు. నా ఓటు ట్యాంకు లోపల పెట్టి ఎయిర్ పంపు గాలితో నడిపే స్పాంజ్ ఫిల్టర్‌కే. కాకపోతే ఒకటి కాదు, రెండు పెట్టండి.

చెత్త లాగడం ఫిల్టర్‌కి చిన్న పని. అసలు పని అమ్మోనియాని వదిలించడం. చేపల మొప్పల నుంచి, వాటి మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అది వస్తూనే ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొంచెం ఉన్నా చేపలకి విషమే. మీది బోరు నీళ్లై పీహెచ్ ఎక్కువగా ఉంటే అమ్మోనియా మరీ ప్రమాదం. ఈ బ్యాక్టీరియాకి అంటుకోవడానికి చోటు, బతకడానికి ఆక్సిజన్ కావాలి. పెట్టె మీద ‘బయో’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఈ రెండూ ఎంతవరకు ఇస్తుందన్నదే లెక్క. ముతక స్పాంజ్ రెండూ ఇస్తుంది, అదీ తక్కువ ఖర్చులో.

నేను హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో పెంచుతున్నా. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కెనిస్టర్ మూసి ఉన్న డబ్బా. అది గంటల తరబడి ఆగితే లోపలి ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది, కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు ట్యాంకులోకి వస్తాయి. స్పాంజ్ ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి ఈ టెన్షన్ తక్కువ. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. పంపు నీటిమట్టం కన్నా కింద పెడితే ట్యూబుకి చెక్ వాల్వ్ తప్పనిసరి. లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి.

రెండు స్పాంజ్‌లు ఎందుకంటే, ఒక వారం ఒకటి, కొన్ని వారాలకి ఇంకోటి కడగొచ్చు. కడగడమంటే ట్యాంకులోంచి తీసిన నీళ్లలో నాలుగుసార్లు పిండటం, అంతే. కుళాయి కింద పెట్టకండి, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది.

ట్యాంకు అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ కూడా చెడ్డది కాదు. లోపలుండే కార్ట్రిడ్జ్ (వడపోత ముక్క) నెలనెలా మార్చమంటారే, అది మాత్రం వినకండి. దాంతోపాటు బ్యాక్టీరియా కూడా చెత్తబుట్టలోకి పోతుంది. నా రెండో ట్యాంకులో కార్ట్రిడ్జ్ బదులు సిరామిక్ రింగులు, ఒక స్పాంజ్ ముక్క పెట్టాను, బాగానే నడుస్తోంది.

ఏది కొన్నా వెంటనే చేపలు వేయకండి. బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చేపలు లేకపోయినా చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి వచ్చే అమ్మోనియాతోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తెలిసినవాళ్ల ఆరోగ్యంగా ఉన్న ట్యాంకులోంచి వాడిన స్పాంజ్ దొరికితే ఇంకా తొందరగా అవుతుంది. కెనిస్టర్‌కి పెట్టే డబ్బులో కొంత టెస్ట్ కిట్‌కి పెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తే అప్పుడు చేపల్ని ఒకటీ రెండూ చొప్పున వేయొచ్చు.

ఇక ఆ నాలుగు గోల్డ్‌ఫిష్ సంగతి. మీ ట్యాంకు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే పట్టేది సుమారు 54 లీటర్లు. అవి పెరిగాక రెండింటికి కూడా ఇరుకే, ఏ ఫిల్టరూ దాన్ని సరిచేయలేదు. వాటి బదులు గప్పీలనే చిన్న చేపలు చూడండి. స్పాంజ్ అయితే గప్పీ పిల్లల్ని లోపలికి లాగేయదు కూడా.