గేట్లు రెండో దశలోనా?

చిట్టీ,

మీ వాటర్ డిస్ట్రిక్టు పాత డ్యామ్ మరమ్మతుకు ఫెడరల్ అప్పు తెచ్చే పని నీ చేతికిచ్చారని మీ అమ్మ చెప్పింది. 40 మిలియన్ డాలర్ల పని! మీ పెద్దమ్మ ఇప్పటికే వీధంతా చాటేసింది. నేనూ మురిసిపోతూనే నువ్వు పంపిన పనుల జాబితా తెరిచాను. స్పిల్‌వే (వరద నీళ్ళు బయటికి పోయే దారి) కాంక్రీటు, అడుగు నుంచి నీళ్ళు వదిలే అవుట్‌లెట్ పైపు, వాల్వులు మొదటి దశ. గేట్లు రెండో దశ. ఎవరమ్మా నీకీ తెలివి చెప్పింది?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగింది. ఉన్నవి 33 గేట్లు, పోయింది ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం మిగతావీ ఎత్తి నీళ్ళు వదిలేయాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి బృందం పారే నీళ్ళలోనే స్టాప్‌లాగులు, అంటే గేటు బదులు అడ్డం పెట్టే ఉక్కు పలకలు, దించింది కాబట్టి ఆ మాత్రమైనా నిలిచాయి. కాంక్రీటు పగులు నెలల తరబడి కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. గేటును ఎత్తే గొలుసు, వైరు తాడు, గేటు తిరిగే ఇరుసులోని ట్రనియన్ పిన్ను అలా చెప్పి పోవు.

భయం నాది, సరే. డబ్బు లెక్కయినా చూడు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఇచ్చే ఈ సీడబ్ల్యూఐఎఫ్‌పీ (నీటి కట్టడాలకు కోర్ అప్పిచ్చే పథకం) అప్పుకు ప్రాజెక్టు ఖర్చు కనీసం 20 మిలియన్లు ఉండాలి. మీ మొదటి దశ 26, గేట్లు 14. విడదీస్తే గేట్లు ఈ గుమ్మం ఎక్కనే ఎక్కవు. కలిపి ఒకే దరఖాస్తులో పెట్టు.

మిగతావి నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. మీ డ్యామ్ జాతీయ డ్యామ్‌ల జాబితాలో ఉందా, యజమాని గడిలో డిస్ట్రిక్టు పేరే ఉందా చూడు. ఇప్పటిదాకా పార్లమెంటు, అదే మీ కాంగ్రెస్, దీనికి ఇచ్చిన సొమ్ము ఫెడరల్ ప్రభుత్వానివి కాని డ్యామ్‌ల భద్రతకే. ముందు ప్రిలిమినరీ దరఖాస్తు, వాళ్ళు పిలిస్తే పూర్తి దరఖాస్తు, ఆ తర్వాత బేరసారాలు, సంతకాలు. పర్యావరణ అనుమతుల ఫైలు ఈ లోపల కదులుతూనే ఉండాలి. అప్పు 49 శాతం, అంటే 19.6 మిలియన్లు. మిగతా 20.4 ఏ నెలలో ఎక్కడినుంచి వస్తుందో రాసిపెట్టు. పాత బాండ్ల ఒప్పందాన్ని బాండ్ లాయరు చేత మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివించు. దివాలా వస్తే ఫెడరల్ అప్పు వెనక వరసలో నిలబడదు. పాత బాండ్ల వాళ్ళతో పేచీ అక్కడే మొదలవుతుంది.

ఇక వాల్వుల సంగతి. నా చేతి మీదుగా పోయిన తప్పు ఇదొక్కటే. ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ అప్పుతో కట్టే పనిలో ఇనుము, ఉక్కు సామాను అమెరికాలో తయారైందే వాడాలి. పైపు, ఫిట్టింగు, ఫ్లాంజి, వాల్వు, స్ట్రక్చరల్ స్టీలు అన్నీ దీని కిందికే వస్తాయి. పెద్ద బటర్‌ఫ్లై వాల్వు మీద ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ బిళ్ళ ఉంది, సరఫరాదారు ఉత్తరం ఉంది, నేను సంతకం పెట్టాను. ఉత్తరంలో ‘అసెంబుల్ చేశాం’ అని ఉంది. పోత ఎక్కడ పోశారో లేదు. బాడీ పోత విదేశంలో పోసింది. బోల్టులు బిగించింది మాత్రమే అమెరికాలో.

ఉక్కు కరిగించిన దగ్గర్నుంచి పూత పూసేదాకా ప్రతి మెట్టూ అమెరికాలోనే జరగాలి. ఉత్తరంలో వస్తువు పేరు, ప్రాజెక్టు పేరు, ఫ్యాక్టరీ ఉన్న ఊరు, రాష్ట్రం, అక్కడ జరిగిన పని, సంతకం ఉండాలి. ‘మా సామానంతా నిబంధనల ప్రకారమే’ అనే ఒక్క వాక్యం కాగితాన్ని వెనక్కి కొట్టు. చిల్లర సామానుకు మినహాయింపు ఏదైనా దొరికినా అది చిన్నాచితకా వస్తువులకే. పెద్ద వాల్వు అందులో ఇమడదు. బిగించేశాక బయటపడితే ఊడదీయాలి, లేదా దాని ఖరీదు అప్పులోంచి తీసేసి సొంత జేబులోంచి కట్టుకోవాలి. ఊడదీయాలంటే అవుట్‌లెట్ ఎండబెట్టాలి, ఎండబెట్టాలంటే నీటిమట్టం దించాలి. వేసవిలో నీళ్ళు వదిలేస్తానంటే రైతులు ఊరుకుంటారా?

అందుకని ఆ ఉత్తరం షరతు టెండరు కాగితాల్లోనే పెట్టు. ఫ్యాక్టరీ పంపే షాప్ డ్రాయింగుతో (తయారీ నక్షాతో) పాటే ఉత్తరం రావాలి, ఉత్తరం లేకుండా లారీ గేటు దాటకూడదు. మీ స్పిల్‌వే గేట్లను మాత్రం యంత్రాల కింద చూస్తారో లేదో ముందే అడుగు. అలా చూస్తే వాటికి 2021 నాటి ‘బిల్డ్ అమెరికా, బై అమెరికా’ చట్టం: తయారీ అమెరికాలోనే జరగాలి, విడిభాగాల ఖరీదులో 55 శాతం దాటి అమెరికావే కావాలి. రెండు లెక్కలూ ఒకే పట్టికలో కలిపేయకు, నీకున్న తొందర నాకు తెలుసు.

కూలీల విషయంలో డేవిస్-బేకన్ రేట్లు, అంటే ఫెడరల్ సొమ్ము పనుల్లో తక్కువ కాకుండా ఇవ్వాల్సిన స్థానిక కూలి రేట్లు. బిడ్లు తెరవడానికి పది రోజుల ముందు రేట్ల పట్టిక మళ్ళీ చూడు, మారి ఉంటే సవరణ పంపు. ప్రతి వారం పేరోల్ (ఎవరికెంత కూలి ఇచ్చారో ఆ పట్టిక) తీసుకో, సబ్‌కాంట్రాక్టర్లది కూడా. నెలాఖరుకు అడుగుదాంలే అనుకున్నావో, ఏ ఇనుపచువ్వల పనివాడికో బకాయి పడ్డదని ఏడాది తర్వాత తెలుస్తుంది.

పని పూర్తయ్యాక ఐదేళ్ళదాకా కట్టక్కర్లేదంటారు, గడువు 35 ఏళ్ళంటారు. మీ బోర్డు ఎగిరి గంతేస్తుంది. కట్టని వడ్డీ అసలులో కలుస్తుందని వాళ్ళకు చూపించు. లెక్క కోసం 4 శాతం అనుకుంటే 19.6 మిలియన్లు ఐదేళ్ళకు 23.85 అవుతాయి. నీటి చార్జీలు ఏటా కొంచెం పెంచుకుంటూ కనీసం వడ్డీ అయినా కడుతూ పోవడం నయం. వడ్డీ తీసుకున్న సొమ్ముకే పడుతుంది కాబట్టి బిల్లు చేతికి రాకుండా డబ్బు లాగకు.

రాత్రుళ్ళు మేలుకుని పని చేస్తున్నావట, మీ అమ్మ బాధపడుతోంది. తిండి మానకు. వాల్వు స్పెసిఫికేషన్ పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపు, పెద్ద అక్షరాల్లో. గేట్లు మొదటి దశలోకి మార్చిన జాబితా కూడా దానితోనే పంపు.

నీ పెదనాన్న