వీధికుక్కల్ని చూసి లాగే కుక్కకు ముళ్ల కాలర్ వేయొచ్చా?

తిరుపతి బైరాగిపట్టెడ సందుల్లో వాకింగ్‌కి తీసుకెళ్తే మీ లాబ్రడార్ వీధికుక్కల మీదికి లాగుతోంది, ట్రైనర్ ముళ్ల కాలర్ (లోపలివైపు ముళ్లుండే మెడపట్టీ) వేయమన్నాడు, వేయాలా అని కదా మీ ప్రశ్న. వద్దు.

ఆ కాలర్ అసలు పనిచేయదని కాదు. బిగిస్తే మెడ నొస్తుంది, లాగడం ఆగుతుంది. చిక్కెక్కడంటే, నొప్పి తగిలిన క్షణంలో మీ కుక్క చూస్తున్నది ఎదుటి కుక్కని. అది కనబడితే తనకు నొప్పి అని ముడిపెట్టుకుంటుంది. గుర్రుమన్నందుకూ నొప్పి తగిలితే గుర్రుమనడం మానేసి, చెప్పాపెట్టకుండా కరిచే ప్రమాదం ఉంది. ఇలాగే నొప్పితో పనిచేసే, కరెంటు షాకిచ్చే కాలర్లు వేల్స్‌లో 2010 నుంచే నిషేధం.

ఛాతీ ముందువైపు కొక్కెమున్న హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీ), 2 మీటర్ల బెల్టు తీసుకోండి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు. వీధికుక్క కనబడినా మీ చేతిలో ముక్క తినగలిగేంత దూరంలో నిలబడండి. అటు చూడగానే "ఎస్" అనాలి, వెంటనే ముక్క. ఆలస్యమైతే వేరే పనికి కూలి ఇచ్చినట్టే. ముక్క ముట్టలేదంటే మరీ దగ్గరికొచ్చేశారన్నమాట, వెనక్కి నడవండి. 5 నిమిషాలు చాలు. రెండు మూడు రోజులు తేలిగ్గా తిన్నాకే నాలుగడుగులు ముందుకు. మన ఎండలకి ఉదయం 7 లోపే ముగించండి. చికెన్ పెట్టిన మేరకు అన్నం తగ్గించాలి, లాబ్రడార్లు ఇట్టే ఒళ్లు చేస్తాయి.

ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ట్రైనర్ కంటే ముందు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి. చెవిపోటో తుంటినొప్పో ఉన్న కుక్క కూడా ఇలాగే విరుచుకుపడుతుంది.